మూస నుంచి తప్పించుకున్న వెండి

వెండి దారులు, 6వ భాగం: కారాకుం అంచున తుర్క్‌మెన్ స్త్రీల తలనగలు

గత భాగంలో యెమెన్ రాజధాని సనాలో, యూదు కంసాలుల వీధిలో ఆగాం. ముస్లిం పెళ్లికూతుళ్లకు తరతరాలుగా నగలు చేసిన ఆ కుటుంబాలు 1949, 1950 సంవత్సరాల్లో ఇజ్రాయెల్‌కు తరలిపోవడంతో అక్కడి వెండి పనికి పెద్ద దెబ్బ తగిలింది. ఈసారి దారి ఉత్తరానికి మళ్లుతుంది. అరేబియా దాటి, ఇరాన్ పీఠభూమి దాటి, కొపెత్‌దాగ్ కొండలు దిగితే కారాకుం ఎడారి. దాదాపు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక. ఒకవైపు కాస్పియన్ సముద్రం, మరోవైపు అమూదర్యా నది. ఈ ఎడారి అంచుల్లో, కొండవాగులూ ముర్గాబ్ లాంటి నదులూ ఇసుకలోకి దిగి ఇంకిపోయే చోట్ల, తుర్క్‌మెన్ తెగలు గొర్రెల్నీ ఒంటెల్నీ గుర్రాల్నీ పెంచుకుంటూ, కొందరు కాలవల కింద సేద్యం చేసుకుంటూ బతికాయి. ఇస్లామిక్ ప్రపంచపు వెండి నగల కథలో ఈ తెగల్ని దాటేసి పోవడం కుదరదు. వీళ్ల ఆడవాళ్లు ఒంటిమీద, మరీ ముఖ్యంగా తలమీద మోసినంత వెండిని మోసినవాళ్లు ఎక్కడైనా తక్కువే.

తుర్క్‌మెన్ అన్న పేరు తెలుగు నేలకు పూర్తిగా కొత్త కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చినవాడు, కరా కొయున్‌లూ అనే తుర్క్‌మెన్ పాలక వంశీకుడు. కరా కొయున్‌లూలు పడమటికి వెళ్లి రాజ్యాలు కట్టిన శాఖ. ఈ భాగంలో కనిపించే తెకే, యోముత్, సాలోర్, సారిక్, ఎర్సారీ, చౌదుర్ తెగలు మధ్య ఆసియాలోనే ఉండిపోయినవి. రెండు శాఖలకూ మూలం ఓఘుజ్ తుర్కులే. గోల్కొండకు కోట ఉంది, దర్బారు ఉంది, వజ్రాల అంగడి ఉంది. కారాకుం తెగలకు రాజు లేడు, రాజధాని లేదు. వాళ్ల ఖజానా ఆడవాళ్ల ఒంటిమీదే ఉండేది.

తల చూస్తే వయసు తెలిసేది

తుర్క్‌మెన్ ఆడపిల్ల నెత్తిన చేరే మొదటి అలంకారం తాహ్యా. దట్టంగా కుట్టుపని చేసిన చిన్న గుండ్రటి టోపీ అది. దాని మీద గుప్బా అమరుతుంది. గుప్బా అంటే వెండితో చేసిన చిన్న గుమ్మటం, దాని శిఖరాన నిటారుగా నిలిచిన సన్నటి గొట్టం. ఆ గొట్టంలో గుడ్లగూబ ఈకల కుచ్చు గుచ్చేవాళ్లు. అవి పిల్లకు దృష్టి తగలనివ్వవని నమ్మకం. గుమ్మటం అంచు నుంచి గొలుసులు, వాటి చివర వెండి రేకు బిళ్ళలు నుదుటి మీదికీ చెంపల మీదికీ వేలాడేవి. జుట్టును నాలుగు జడలుగా అల్లి రెండు ముందుకూ రెండు వెనక్కీ వేసేవాళ్లు. దూరం నుంచి చూసినవాళ్లకు కూడా ఆ పిల్లకు ఇంకా పెళ్లి కాలేదని తెలిసిపోయేది.

పెళ్లితో ఈ టోపీ ఆమెను వదిలిపోతుంది. మెట్టినింట్లో జరిగే బాష్ సల్మా అనే తంతులో తాహ్యా తీసేసి, ఇల్లాలి తలకట్టు పెడతారు. ముందుకు వేలాడిన రెండు జడలూ వీపు మీదికి చేరతాయి. పెళ్లికాని పిల్లలు టోపీ తియ్యనివ్వమని అడ్డుపడతారు, పెళ్లయిన ఆడవాళ్లు పట్టు వదలరు. నవ్వుల మధ్య సాగే ఆ పెనుగులాట అయ్యేసరికి పిల్ల ఇల్లాళ్ల వరసలో చేరిపోయినట్టే.

ఆ కొత్త తలకట్టు చిన్నది కాదు. తెకే తెగలో పెళ్లయిన స్త్రీ గట్టి ఆధారం మీద గుడ్డ చుట్టిన ఎత్తైన తలకట్టు పెట్టుకునేది. దాని ముందు భాగానికి ఎగ్మే బిగించేవాళ్లు. నుదుటి వంపును అనుసరించి వంచిన పెద్ద వెండి పలక అది. అందులో జాలీలా కోసిన వరసలు, వాటి మీద బంగారు పూత, మధ్య మధ్య ఎర్ర అకీకు రాళ్లు, కింది అంచున బిళ్ళల తోరణం. ఎదురుగా నిలబడి చూస్తే ఆమె ముఖానికి పైన ఒక చిన్న ద్వారబంధం నిలబెట్టినట్టే ఉండేది. కాస్పియన్ తీరపు యోముత్ స్త్రీల తలకట్టు తీరు వేరు. నుదుటి పట్టీ వేరుగా, కణతల దగ్గర రెండు వైపులా గొలుసుల కుచ్చులతో జారే జంట నగలు వేరుగా ఉండేవి. నగ పనితనం చూసి ఆమె ఏ తెగ పిల్లో చెప్పగలిగేవాళ్లు.

తలనగ అంటే నుదుటితో అయిపోయేది కాదు. వెనక జడల మీద ఆసిక్ వేలాడేది. హృదయాకారంలో ఉండే ఈ బిళ్ళ చిన్నదైతే వేలంత, పెద్దదైతే రెండు అరచేతులు చాలనంత. ఒకదాని కింద ఒకటిగా జతపరిచిన ఆసిక్‌లూ ఉన్నాయి. జడ పొడవునా వెండి బిళ్ళలు, గొట్టాలు, మువ్వలు కుట్టిన పట్టీలు కిందికి దిగేవి. మనిషి తన వీపును తాను చూసుకోలేడు గనక చెడు అటువైపు నుంచి వస్తుందన్న భయం ఈ తెగల్లో బలంగా ఉండేది. జడల మీది వెండి ఆ వీపుకు కాపలా.

మెడ చుట్టూ బుకావ్ అనే గట్టి కంటె, దాని నుంచి గొలుసుల మీద దిగే పతకం. చొక్కా మెడ పట్టీని కలిపి ఉంచే గుండ్రటి బిళ్ళ గుల్‌యాకా. రొమ్ము మీద వరసలు వరసలుగా కుట్టిన బిళ్ళలు, నాణేలు. ముంజేతులకు బిలెజిక్‌లు. బిలెజిక్ ఒక్కొక్కటి నాలుగైదు వరసల అకీకులతో మణికట్టు నుంచి ముంజేయి సగం దాకా పాకే వెడల్పాటి కడియం. పెళ్లినాడు ఇవన్నీ కలిపి కిలోల కొద్దీ బరువు.

ఈ బరువు జీవితాంతం ఒకేలా ఉండదు. పెళ్లి నుంచి మొదటి పిల్లలు పుట్టే దాకా అది పతాక స్థాయి. తర్వాత ఒక్కొక్క నగే పెట్టెలోకి, పెట్టె నుంచి కూతుళ్ల, కోడళ్ల ఒంటి మీదికి పోయేది. తెకే స్త్రీలు తలకట్టు మీంచి కప్పుకునే చిర్పీ అనే అంగీ రంగు కూడా వయసుతో పాటు మారేది. పడుచు ఇల్లాలికి ముదురు నీలం లేదా నలుపు, నడివయసుకు పసుపు, వృద్ధురాలికి తెలుపు. చిర్పీకి చేతులు ఉంటాయి గానీ తొడుక్కోవడానికి కాదు, వీపు వెంట వేలాడటానికి. పడుచు ఇల్లాలి చిర్పీ కింద మెరిసినంత వెండి తెల్ల చిర్పీ కింద కనిపించేది కాదు. గుప్బా, ఎగ్మే, ఆసిక్ ఇవాళ మూడు వేర్వేరు అద్దాల పెట్టెల్లో మూడు వస్తువులుగా కనిపిస్తాయి. తొడుక్కున్న ఆడవాళ్లకు మాత్రం అవి ఒకే బతుకులో ముందు వెనకల మజిలీలు.

మాట్లాడని కోడలు, మోగే వెండి

1863లో హంగేరీ పండితుడు ఆర్మినియస్ వాంబెరీ దర్వేషు వేషంలో కాస్పియన్ తీరాన గోముష్‌తెపె చేరాడు. అక్కడి యోముత్‌ల మధ్య కొన్నాళ్లు ఉండి, తర్వాత యాత్రికుల బిడారుతో కలిసి ఖీవా వైపు ఎడారి దాటాడు. మరుసటి ఏడాది లండన్‌లో అచ్చయిన అతని యాత్రా గ్రంథంలో తుర్క్‌మెన్ స్త్రీల నగల ప్రస్తావన ఉంది. బరువైన కడియాలు, కంటెలు, రెండు పక్కలా తూటాల పెట్టెల్లా వేలాడే తాయెత్తు డబ్బీలు అతని కంటపడ్డాయి. కంటికన్నా చెవికి ఎక్కువ పని పెట్టిన సంగతి ఒకటుంది. ఆ స్త్రీలు కదిలితే చాలు, గంటలు మోగినట్టు చప్పుడు. ఆ చప్పుడంటే తుర్క్‌మెన్‌లకు ఎంత ప్రీతి అంటే భార్యకో గుర్రానికో అలాంటిది ఏదో ఒకటి కట్టకుండా ఉండరని అతను రాశాడు.

ఆ మోత వెనక ఒక ఇంటి మర్యాద కూడా ఉంది. తుర్క్‌మెన్ స్త్రీలు పొరుగున ఉన్న నగరాల ఆడవాళ్లలా ముఖాన్ని పూర్తిగా కప్పుకునే ముసుగు వేసుకోలేదు. కానీ కొత్త కోడలు మామ ఎదుట, భర్త తరఫు పెద్దల ఎదుట తలగుడ్డ కొసను పంటితో బిగించి నోరు కప్పుకునేది. ఆ ఆచారం పేరు యశ్మక్. పెద్దల ముందు ఆమె గొంతు వినిపించకూడదు. అలాంటి ఇంట్లో నీళ్లకు వెళ్లినా, పొయ్యి దగ్గర కూర్చున్నా, మగ్గం ముందు చెయ్యి కదిపినా వెండి మోగుతూనే ఉండేది. కోడలు ఎక్కడుందో, ఏ పని చేస్తోందో గుడారమంతటికీ ఆ మోతతోనే తెలిసేది.

దుష్టశక్తులు లోహపు చప్పుడుకు బెదిరిపోతాయన్నది మరో నమ్మకం. ఎర్ర అకీకు రోగాల నుంచి, గర్భస్రావం నుంచి కాపాడుతుందనీ, నీలి ఫిరోజా మేలు చేస్తుందనీ, వెండి చెడును దగ్గరికి రానివ్వదనీ అనుకునేవాళ్లు. వీటిలో కొన్ని ఇస్లాం రాకముందు నుంచీ గడ్డి మైదానాల్లో ఉన్నవి. ఇస్లాం వచ్చాక అవి దానితో కలిసిపోయాయి. తుమార్ అనే నగ ఇందుకు మంచి ఉదాహరణ. పైన త్రికోణం, కింద అడ్డంగా ఒక వెండి గొట్టం, గొట్టం కింద గొలుసులు. గొట్టంలో ముల్లా కాగితం మీద రాసిచ్చిన కురాన్ వాక్యం చుట్టపెట్టి ఉంచేవాళ్లు. భుజం మీంచి పక్కకు వేలాడే హేకెల్ అనే వెండి డబ్బీ కూడా తాయెత్తు కోసమే. అకీకు సంగతీ ఇంతే. ముస్లింలలో అకీకు ఉంగరానికి మతపరమైన గౌరవం ఉంది. ఆ గౌరవమూ పాత నమ్మకమూ ఒకే ఎర్ర రాయిలో కలిశాయి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో సానబెట్టిన అకీకులు శతాబ్దాల పాటు అరబ్, పర్షియన్ బజార్లకు వెళ్లేవి కనక ఈ రాళ్ల వ్యాపారంలో మన పడమటి తీరానికీ పాత వాటా ఉంది.

మగపిల్లల చొక్కాలకు విల్లు, బాణం ఆకారంలో వెండి బిళ్ళ కుట్టేవాళ్లు. పెద్దయిన మగవాడి ఒంటిమీద నగలు తక్కువ. అతని వెండి గుర్రానికి వెళ్లేది. ప్రపంచానికి అఖాల్-తెకే జాతిగా తెలిసిన ఆ సన్నటి, పొడుగుకాళ్ల గుర్రాల మెడ పట్టీలకూ కళ్లేలకూ ఆడవాళ్ల నగల మీద ఉన్న పనే, అవే రాళ్లే ఉండేవి.

జెర్గార్ చేతిపని

వెండిపని చేసేవాణ్ని జెర్గార్ అంటారు. ఊరికి దగ్గరగా ఉండి ఎవరింట్లో పెళ్లి కుదిరినా పని అందుకునేవాడు. పనిముట్లు కొద్దిపాటివే. సుత్తి, దాగలి, కత్తెర, చెక్కే ఉలులు, అచ్చులు, కొలిమి, మూస. మధ్య ఆసియా లోహకారులు దావూదు ప్రవక్తను తమ వృత్తికి పెద్దగా కొలిచేవాళ్లు. ఆయన చేతిలో దేవుడు ఇనుమును మెత్తబరిచాడని కురాన్ చెబుతుంది.

తెకే పని, యోముత్ పని పక్కపక్కన పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది. తెకే జెర్గార్ మందమైన వెండి రేకు తీసుకుని, దాని మీద లతల తీగలు, పొట్టేలు కొమ్ముల వంపులు చెక్కేవాడు. కొన్ని చోట్ల రేకును జాలీగా కోసేసేవాడు. ఆ లతలకు మాత్రమే బంగారు పూత పూసి, నేలను తెల్ల వెండిగానే వదిలేవాడు. తెలుపు మీద పసుపు, దాని మధ్య నున్నగా ఉబ్బిన పెద్ద అకీకులు. యోముత్ జెర్గార్ నేలనంతా నున్నటి వెండిగా ఉంచి, అచ్చుతో ఒత్తిన పల్చటి బంగారుపూత రేకుల్ని, ఎక్కువగా డైమండు ఆకారపు ముక్కల్ని, దాని మీద వరసగా అతికేవాడు. రాళ్లు చిన్నవి, గొలుసులు ఎక్కువ. అమూదర్యా పక్కన, ఉత్తర అఫ్గానిస్తాన్‌లో ఉన్న ఎర్సారీల నగల్లో పూత తక్కువ, అలంకారం మరింత సాదా.

ఆ బంగారు పూత వెనక ప్రమాదం ఉంది. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, వెండి మీద కావలసిన చోట పూసి, నిప్పు మీద పెడతారు. వేడికి పాదరసం ఆవిరై పోతుంది, బంగారం వెండిని అంటిపెట్టుకుని మిగులుతుంది. ఆ ఆవిరి విషం. పీల్చిన కొద్దీ నరాలు చెడతాయి, చేతులు వణుకుతాయి. కొలిమి ముందు కూర్చుని ఇలాంటి ఎగ్మేలు, ఆసిక్‌లు చేసిన మనుషుల ఆరోగ్యం కూడా ఈ నగల ధరలో భాగమే. మ్యూజియంలలో ఉన్న తుర్క్‌మెన్ నగల్లో చేసినవాడి పేరు తెలిసినవి చాలా అరుదు.

ఆ వెండి ఎక్కడి నుంచి వచ్చింది

వెండి ఎక్కువగా నాణేల రూపంలోనే వచ్చింది. ఇరాన్ కజార్ షాల క్రాన్‌లు, బుఖారా తెంగాలు, తర్వాత రష్యా రూబుళ్లు. కొన్నిటిని కరిగించి రేకులు కొట్టేవాళ్లు, కొన్నిటికి చిల్లు పెట్టి చొక్కాల మీద నేరుగా కుట్టుకునేవాళ్లు. గొర్రెలు, ఉన్ని, గుర్రాలు, ఆడవాళ్లు నేసిన ఎర్రటి తివాచీలు అమ్మగా వచ్చిన డబ్బు ఇలా ఒంటికి ఎక్కేది. మన లంబాడీ తండాల్లో స్త్రీలు జుట్టుకు కట్టుకునే వెండి కుచ్చులు, రవికెల మీద కుట్టుకునే నాణేలు చూసినవాళ్లకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. మందల వెంట తిరిగే కుటుంబానికి పొలం ఆస్తి కాదు, ఇల్లు ఆస్తి కాదు. గుడారం విప్పి ఒంటె మీద వేసినప్పుడు తనతో కదిలేదే ఆస్తి.

ఆ వెండిలో మరో పాలు కూడా ఉంది. దాన్ని చెప్పకుండా ఈ నగల అందం గురించి మాత్రమే మాట్లాడటం న్యాయం కాదు. తుర్క్‌మెన్ తెగలు ఇరాన్ సరిహద్దు గ్రామాల మీద దాడులు చేసేవి. పట్టుబడిన మనుషుల్ని విడుదల సొమ్ము కోసం అట్టిపెట్టుకునేవాళ్లు, లేదా ఖీవా, బుఖారా బజార్లలో బానిసలుగా అమ్మేవాళ్లు. ఆడవాళ్ల నగల మోత గురించి రాసిన వాంబెరీయే గోముష్‌తెపెలో సంకెళ్లతో ఉన్న ఇరానీ బందీల దుస్థితి గురించీ రాశాడు. 1873లో రష్యా సైన్యం ఖీవాను లొంగదీసి బానిసత్వాన్ని రద్దు చేయించే దాకా ఆ వ్యాపారం సాగింది. విడుదల సొమ్ముగా, అమ్మకం ధరగా వచ్చిన నాణేలు కూడా జెర్గార్ మూసలోకే చేరాయి.

పాతవి ఎందుకు దొరకవు

మ్యూజియంలలో తుర్క్‌మెన్ నగల పక్కన ఉండే చీటీలు చూస్తే చాలామటుకు 19వ శతాబ్దమనో, 20వ శతాబ్దం తొలినాళ్లనో ఉంటుంది. అంతకు ముందరివి బహు తక్కువ. ఈ తెగల పూర్వీకులు వెయ్యేళ్ల కిందటి నుంచీ ఆ ప్రాంతంలో ఉన్నారు. 11, 12 శతాబ్దాల్లో కారాకుం అంచున ఉన్న మెర్వ్ నగరం నుంచి విశాల రాజ్యాన్ని ఏలిన సెల్జుక్‌లు కూడా ఓఘుజ్ తుర్కులే. మరి ఆ వెయ్యేళ్ల వెండి ఏమైంది?

కారణాలు రెండు. నానమ్మ నగ అరిగిపోయినా, తీరు పాతబడినా, కొత్త కోడలికి కొత్త నగ కావలసి వచ్చినా, పాతది మూసలోకి వెళ్లి కొత్త ఆకారంలో బయటికి వచ్చేది. కరువొస్తే నాణెంగా మారేది, మంచి ఏడాది వస్తే మళ్లీ నగ అయ్యేది. రెండోది మరణం. ఇస్లాం చనిపోయినవాళ్లను సాదా తెల్లగుడ్డలో చుట్టి ఖననం చెయ్యమంటుంది. సమాధిలో నగలు ఉండవు.

ఈ రెండో కారణం ఎంత బలమైనదో తెలియాలంటే సరిహద్దు దాటి అఫ్గానిస్తాన్‌లోని షిబర్గాన్ దగ్గరికి వెళ్లాలి. 1978, 1979 చలికాలంలో విక్తర్ సరియానిది నాయకత్వంలో సోవియట్, అఫ్గాన్ పురావస్తు బృందం అక్కడ తిల్యా తెపె అనే దిబ్బను తవ్వింది. క్రీస్తుశకం 1వ శతాబ్దపు సమాధులు ఆరింటిలో 20,000కు పైగా బంగారు వస్తువులు దొరికాయి. ఆరో సమాధిలోని స్త్రీ తలమీద బంగారు కిరీటం ఉంది. చెట్ల ఆకారాలు, వణికే రేకు బిళ్ళలు, ప్రయాణంలో విడదీసి మడిచి పెట్టుకునే ఏర్పాటు. సంచార జీవితానికి సరిపోయే తలనగ చేయాలన్న ఆలోచన ఆ నేల మీద ఎంత పాతదో అది చూపిస్తుంది. ఆ కిరీటానికీ తెకే ఎగ్మేకీ మధ్య నేరుగా గీత గీయడానికి లేదు. ఆ మధ్యలో దాదాపు 1,800 ఏళ్లున్నాయి, ఎన్నో జాతుల రాకపోకలున్నాయి. తిల్యా తెపె బంగారం యజమానురాలితో పాటు మట్టిలోకి వెళ్లింది కాబట్టి మనకు దక్కింది. తుర్క్‌మెన్ వెండి మనుషుల మధ్యే ఉండి, తరానికోసారి కరిగి, మళ్లీ మళ్లీ పుట్టింది. ఇవాళ మనం చూస్తున్న నగలు ఆ చక్రం ఆగిపోయినప్పుడు మూస నుంచి తప్పించుకున్న చివరి వరస.

చక్రం ఎలా ఆగింది

1879లో రష్యన్ సైన్యం తెకేల మట్టికోట గ్యోక్ తెపె మీద దాడి చేసి ఓడి వెనుదిరిగింది. మరుసటి ఏడాది జనరల్ స్కోబెలెవ్ పెద్ద ఏర్పాట్లతో వచ్చాడు. సైన్యానికి సరుకులు చేరవేయడానికి కాస్పియన్ తీరం నుంచి రైలు మార్గం వేయడం మొదలైంది. చలికాలంలో కోట చుట్టూ ముట్టడి సాగింది. గోడ కిందికి సొరంగం తవ్వి, మందుపాతర పేల్చి, 1881 జనవరి 24న సైన్యం లోపలికి చొచ్చుకుపోయింది. కోటలో ఉన్నది యోధులు మాత్రమే కాదు. అఖాల్ ఒయాసిస్సులోని కుటుంబాలు గుడారాలతో సహా లోపల తలదాచుకున్నాయి. పారిపోతున్నవాళ్లను ఆశ్వికులు మైళ్ల కొద్దీ తరిమి నరికారు. కోట లోపల 6,500, తరిమిన దారిలో 8,000 మంది చనిపోయారన్నది రష్యన్ల లెక్కే. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. కోటలోని తివాచీలు, వెండి సైనికుల చేతుల్లోకి వెళ్లాయి.

మూడేళ్ల తర్వాత మెర్వ్ తెకేలు యుద్ధం లేకుండానే లొంగిపోయారు. గ్యోక్ తెపె గతి పట్టకూడదని తెగ పెద్దల్ని ఒప్పించినవాళ్లలో తెకే నాయకుడు నూర్‌బెర్దీ ఖాన్ విధవ గుల్‌జమాల్ ముఖ్యురాలు. రైలు 1885లో అష్గాబాత్, 1886లో మెర్వ్, 1888లో సమర్కంద్ చేరింది. దాని వెంట వర్తకులు వచ్చారు, ఫ్యాక్టరీ గుడ్డలు వచ్చాయి, రాళ్ల బదులు రంగు గాజు వచ్చింది. సేకర్తలూ వచ్చారు. చిత్రకారుడూ మానవజాతి పరిశోధకుడూ అయిన సమూయిల్ దూదిన్ 1900 నుంచి 1902 దాకా మధ్య ఆసియా తిరిగి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా ఏర్పడుతున్న మ్యూజియం విభాగం కోసం వేల వస్తువులూ ఫోటోలూ కూడబెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దంలో సెర్గేయ్ ప్రొకూదిన్-గోర్‌స్కీ తుర్క్‌మెన్ సీమకు వచ్చాడు. ఒకే దృశ్యాన్ని మూడు రంగుల వడపోతల గుండా మూడుసార్లు తీసి కలిపే పద్ధతి అతనిది. అతని రంగుల ఫోటోల్లో ఒకదానిలో తుర్క్‌మెన్ స్త్రీ ఒకామె గుడారం ముందు తివాచీ మీద పూర్తి అలంకారంతో నిలబడి ఉంటుంది. 1948లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అతని గాజు పలకల్ని కొన్నది గనక ఆ ఫోటోను ఇవాళ ఎవరైనా చూడొచ్చు. ఏ నగ ఎక్కడ, ఏ నగ మీద ఏది అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారాలు కొద్దిగానే ఉన్నాయి.

1924లో తుర్క్‌మెన్ సోవియట్ రిపబ్లిక్ ఏర్పడింది. 1920ల చివర సామూహిక వ్యవసాయం మొదలయ్యాక మందలు పోయాయి. వెండి పుట్టే ఆధారమే పోయింది. వేలాది కుటుంబాలు ఇరాన్‌కూ అఫ్గానిస్తాన్‌కూ వలస వెళ్లాయి. 1931 నుంచి 1936 దాకా సోవియట్ ప్రభుత్వం తోర్గ్‌సిన్ అనే దుకాణాలు నడిపింది. విదేశీ డబ్బుకో, బంగారం వెండికో బదులుగా అక్కడ పిండి, చక్కెర దొరికేవి. దేశమంతటా కరువు కాలంలో ఇంటి నగలు తూకానికి పోయాయి. అది కూడా మూసే. అందులోంచి ఆకారం మార్చుకుని తిరిగి కోడలి ఒంటిమీదికి వచ్చిన వెండి మాత్రం లేదు.

అఫ్గానిస్తాన్‌కు తరలిన కుటుంబాలు మరో యాభై ఏళ్లు తమ నగల్ని కాపాడుకున్నాయి. 1979లో అక్కడా యుద్ధం మొదలైంది. మళ్లీ వలస, ఈసారి పాకిస్తాన్‌కు. పెషావర్ బజార్లో, కాబుల్‌లో పర్యాటకులు తిరిగే చికెన్ స్ట్రీట్‌లో, ఇస్తాంబుల్ అంగళ్లలో ఆసిక్‌లు, బిలెజిక్‌లు గుట్టలుగా కనిపించాయి. 1980లలో జర్మనీలో వీటి మీద పెద్ద పుస్తకాలు రావడం కాకతాళీయం కాదు. గిరాకీతో పాటు నకళ్లూ పుట్టాయి. వెండి బదులు జర్మన్ సిల్వర్, అకీకు బదులు ఎర్ర గాజు, చెక్కిన లతల బదులు పోత పోసిన లతలు. విరిగిన పాత నగల ముక్కల్ని అతికి, ఏ తెగ స్త్రీ ఎన్నడూ పెట్టుకోని కొత్త హారాలు కూడా తయారయ్యాయి.

గ్యాలరీలో చోటు

ఇస్లామిక్ కళ చరిత్ర చాలాకాలం దర్బారుల చరిత్రగానే సాగింది. సుల్తానులు రాయించిన గ్రంథాలు, మసీదుల పలకలు, వెండి పొదిగిన ఇత్తడి పాత్రలు అందులో కనిపిస్తాయి. సంచార స్త్రీల నగలు మానవజాతి శాస్త్రం వాళ్లకు, జానపద వస్తువుల గదులకు వెళ్లిపోయాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఈ విభజన గోడకు కొంత తలుపు పడింది. మార్షల్ వూల్ఫ్, మారిలిన్ వూల్ఫ్ దంపతులు ఏళ్ల తరబడి సేకరించిన తుర్క్‌మెన్ నగల్ని 2005 నుంచి ఆ మ్యూజియం ఇస్లామిక్ కళ విభాగానికి ఇస్తూ వచ్చారు. 2011లో లైలా దీబా రాసిన సచిత్ర గ్రంథం వచ్చింది, 2012లో ప్రదర్శన జరిగింది.

ఇది న్యాయమైన చోటు. సాలభంజికలు, మనుషుల బొమ్మలు లేకుండా లతలతో, జ్యామితితో, ఒకే రూపాన్ని తిప్పి తిప్పి పేర్చడంతో సౌందర్యం సాధించడం ఇస్లామిక్ కళకు ప్రాణమైతే, తెకే ఎగ్మే అందులో దేనికీ తీసిపోదు. కురాన్ వాక్యాన్ని గోడ మీద చెక్కించిన సుల్తాను కళాపోషకుడైతే, అదే వాక్యాన్ని వెండి గొట్టంలో గుండె మీద వేలాడదీసుకున్న స్త్రీ కూడా అంతే. ఒకే ఒక షరతు. ఈ నగల్ని విడి విడి వస్తువులుగా చూసినంతకాలం వాటి అర్థం సగమే అందుతుంది. గుప్బా పక్కన నాలుగు జడల ఫోటో, ఎగ్మే పక్కన బాష్ సల్మా కథ, ఆసిక్ పక్కన వీపు చూపించే బొమ్మ, అన్నిటి పక్కనా గ్యోక్ తెపె తేదీ ఉండాలి. దర్బారు కళకు రాజుల పేర్లు, తేదీలు ఎంత శ్రద్ధగా రాస్తామో, ఈ వెండికి దాన్ని మోసిన బతుకుల వివరం అంత శ్రద్ధగా రాయాలి.

1991లో స్వతంత్రమైన తుర్క్‌మెనిస్తాన్‌లో పెళ్లికూతుళ్లు ఇవాళ్టికీ గుల్‌యాకా పెట్టుకుంటారు, మువ్వల బరువుతో నెమ్మదిగా అడుగు వేస్తారు, తల మీంచి కుట్టుపని అంగీ కప్పుకుంటారు. అష్గాబాత్‌లో వెండిపనివాళ్లు పాత తీరుల్లో కొత్త నగలు చేస్తున్నారు. గ్యోక్ తెపె కోట ఉన్నచోట 1990లలో పెద్ద మసీదు కట్టారు. కోట మట్టిగోడల ఆనవాళ్లు దాని పక్కనే ఉన్నాయి.

వచ్చే భాగంలో దారి పడమటికి, మధ్యధరా తీరానికి. అల్జీరియాలోని కబీలియా పర్వతాల్లో బెనీ యెన్నీ గ్రామాల వాళ్లు వెండి మీద నీలం, ఆకుపచ్చ, పసుపు మీనా పని చేసి, మధ్యలో ఎర్ర పగడం పొదుగుతారు. 1857లో ఫ్రెంచి సైన్యం ఆ కొండలెక్కినప్పుడు అక్కడి స్త్రీల నుదుటి నగలకు ఏం జరిగిందో, ఆ కొలుములు ఎలా నిలబడ్డాయో అక్కడ చూద్దాం.